మూల మీద ఇంటికి పక్క కంచె: 2 మీటర్లా, 1 మీటరా? (ఇంగ్లండ్)

మిల్టన్‌కీన్స్_తెలుగు:
రెండు రోడ్లు కలిసే మూల మీద ఇల్లు. పక్కవైపు తోటకు మోకాలెత్తు గోడే ఉంది, అవతల పేవ్‌మెంటు. అక్కడ 6 అడుగుల ప్యానెళ్ళు పెట్టాలంటే కౌన్సిల్ పర్మిషన్ కావాలా? కంచె వేసేవాళ్ళు "రెండు మీటర్లలోపు దేనికీ అక్కర్లేదు" అంటారు. రోడ్డు పక్కన మీటరే అని కొందరంటారు. తెలిసినవాళ్ళు తేల్చి చెప్పండి. ఇంట్లో కిచెన్ గోడ తీయడానికి కూడా ఏమేం కావాలో చెప్తే మేలు.

కొలతబద్ద:
వాళ్ళు చెప్పింది సగమే నిజమండీ. 2015 జనరల్ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ ఆర్డర్‌లో (దరఖాస్తు లేకుండానే చేసుకోగల పనుల పట్టిక) షెడ్యూల్ 2, పార్ట్ 2, క్లాస్ ఎ తీసి చదవండి. వాహనాలు తిరిగే రోడ్డు పక్కనుండే కంచె, గోడ, గేటు 1 మీటరు దాటితే ప్లానింగ్ పర్మిషన్ కావాలి. మిగతా చోట్ల హద్దు 2 మీటర్లు. ముందు తోటకు మీటరు, వెనక తోటకు రెండు అని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ఆ క్లాజులో ముందూ వెనకా అన్న మాటే లేదు, రోడ్డు పక్కనా కాదా అన్నదే లెక్క. మూల ఇంటికి రెండు వైపులా రోడ్డే కాబట్టి పక్క కంచెకూ మీటరే. పేవ్‌మెంటు కూడా రోడ్డులో భాగమే. ఇంటి పక్కన కార్లు వెళ్ళని కాలిబాట మాత్రమే ఉంటే అప్పుడు 2 మీటర్లు వర్తిస్తుంది.

పచ్చగడప:
కొలతబద్ద గారూ, చట్టంలో ఉన్న మాట "పక్కన", "అంటుకుని" కాదు కదా. కంచెను పేవ్‌మెంటు నుంచి ఒక మీటరు లోపలికి జరిపి, మధ్యలో లారెల్ మొక్కలు నాటితే అది రోడ్డు పక్కన ఉన్నట్టు ఎలా అవుతుంది? సొంత స్థలంలో అంత వదులుకున్నాక 1.8 మీటర్ల కంచెకు పర్మిషన్ అడగడం అన్యాయం. చిన్నపిల్లలున్న ఇళ్ళకు మీటరు కంచె ఏ మూలకి?

కొలతబద్ద:
మీరన్న న్యాయం నాకూ అర్థమవుతుంది, కానీ చిక్కంతా ఆ "పక్కన" దగ్గరే ఉంది. ఎంత దూరం జరిగితే పక్కన కాదో ఆర్డర్‌లో అంకె లేదు. ఒక మీటరు చాలు అన్నది జనం చెప్పుకునే మాటే. అప్పీలు ఇన్‌స్పెక్టర్లు స్థలం చూసి తేలుస్తారు: కంచెకూ రోడ్డుకూ మధ్య ఏముంది, రోడ్డు మీంచి చూసేవాళ్ళకు ఆ కంచే ఇంటి సరిహద్దుగా కనిపిస్తోందా అని. మధ్యలో సన్నటి మొక్కల వరస తప్ప ఏమీ లేకపోతే మీటరు జరిపినా "పక్కనే" అని తేలొచ్చు. మొక్కలు నాటిన రోజున చీలమండ దాకే ఉంటాయి కదా.

ఈ మీటరు నియమం ఊరికే పెట్టింది కాదు. డ్రైవ్‌వే నుంచి కారు వెనక్కి తీసేవాళ్ళకు పేవ్‌మెంటు మీద స్కూటర్ తొక్కే పిల్లాడు కనపడాలి. ఆ పిల్లాడూ మన పిల్లల్లాంటివాడే.

గోదారిగట్టు:
ఇద్దరూ అసలైన కాగితం వదిలేశారు. కొత్త ఎస్టేట్లలో ఇల్లు కట్టినప్పుడు ఇచ్చిన పర్మిషన్‌లోనే "రోడ్డు వైపు కంచెలు వేయరాదు" అని షరతు పెట్టి, ఈ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కు తీసేసి ఉండొచ్చు. అప్పుడు 60 సెంటీమీటర్ల కంచెకు కూడా దరఖాస్తు చేయాల్సిందే. కౌన్సిల్ వెబ్‌సైట్లో ఎస్టేట్ పేరుతో పాత దరఖాస్తు వెతికి, డెసిషన్ నోటీసులో షరతులు ఒక్కొక్కటి చదవండి. తర్వాత ఇంటి రిజిస్ట్రేషన్ పత్రాల్లో కవెనెంట్లు. ఇది కౌన్సిల్‌కు సంబంధం లేని విషయం, బిల్డర్‌కో ఎస్టేట్ కంపెనీకో ఇచ్చిన మాట. ప్లానింగ్ పర్మిషన్ వచ్చినా కవెనెంటు అలాగే ఉంటుంది.

ఇంకొకటి. మూల ఇళ్ళ పక్కన గడ్డిపట్టీ ఉంటుంది. అది మీ పేరు మీదే ఉన్నా, ఎస్టేటు పచ్చదనం కోసం వదిలిందైతే కంచె లోపలికి కలుపుకోవడం భూమి వాడకం మార్చడం కిందికి వస్తుంది. దానికి వేరే పర్మిషన్ కావాలి.

లిస్టెడ్ బిల్డింగు (చారిత్రక విలువ వల్ల రక్షిత జాబితాలో ఉన్న కట్టడం) చుట్టూ వేసే కంచెకు ఈ హక్కే వర్తించదు.

మిల్టన్‌కీన్స్_తెలుగు:
సరే, రోడ్డు వైపు మీటరు, పక్కింటి వైపు రెండు మీటర్లు అనుకుందాం. 3 అడుగుల ప్యానెల్, 6 అడుగుల ప్యానెల్ కొంటే సరిపోతుందా?

రాయిసున్నం:
అక్కడే సెంటీమీటర్లు తప్పుతాయండీ. 3 అడుగుల ప్యానెల్ 91 సెంటీమీటర్లు. చెక్క కుళ్ళకుండా కింద 15 సెంటీమీటర్ల గ్రావెల్ బోర్డు వేస్తే 106. మీటరు దాటింది. గ్రావెల్ బోర్డునూ కంచె ఎత్తులో కలిపే కొలుస్తారు. కాబట్టి రోడ్డు వైపు బోర్డు లేకుండా వేయాలి, లేదా ప్యానెల్ కోయించాలి.

పక్కింటి వైపు 183 ప్యానెల్, 15 బోర్డు కలిపి 198. హద్దులో ఉంది. అదే 30 సెంటీమీటర్ల బోర్డు వేస్తే 213, పర్మిషన్ కావాలి. పైన ట్రెల్లిస్ (చెక్క జాలీ) బిగించినా అదే లెక్క.

ఇక స్తంభాలు. 198 ఎత్తుకు 2.4 మీటర్ల కాంక్రీటు స్తంభం తెస్తే భూమిలోకి దిగేది 42 సెంటీమీటర్లే. సుమారు 60 ఉండాలి. లేకపోతే శీతాకాలం గాలికి కంచె ఒక వైపుకు ఒరుగుతుంది. 2.75 మీటర్లది కొని, సుమారు 77 సెంటీమీటర్ల గుంట తవ్వండి. అంత తవ్వలేక పైకి వదిలేస్తే స్తంభం తలే 2 మీటర్లు దాటుతుంది. నన్నడిగితే 5 అడుగుల ప్యానెల్ (152), 30 బోర్డు, 2.4 స్తంభం మేలు: పైన 182, భూమిలో 58. ఖర్చూ తగ్గుతుంది.

వాలు నేల అయితే ముందే మట్టి పోసి ఎత్తు పెంచి, అక్కణ్నుంచి కొలవడం చెల్లదు. అసలు నేల నుంచే కొలుస్తారు.

పచ్చగడప:
మరి ముందే 1.8 మీటర్ల పాత కంచె ఉన్న ఇళ్ళ సంగతి? అది పడిపోతే అదే ఎత్తున మళ్ళీ వేసుకోవచ్చు కదా?

గోదారిగట్టు:
ఉన్న కంచెను బాగుచేస్తే, మార్చితే పాత ఎత్తు దాకా వెళ్ళొచ్చని ఆ క్లాసులోనే ఉంది. పూర్తిగా పీకేసి నెలల తరబడి ఖాళీగా వదిలేస్తే మాత్రం అది కొత్త కంచె అని కౌన్సిల్ వాదించొచ్చు. పీకే ముందు టేపు ఆనించి ఫొటోలు తీసుకోండి, ఒక్కో ప్యానెల్ మారుస్తూ వెళ్ళండి.

"పర్మిషన్ లేకుండా వేసినా నాలుగేళ్ళు కౌన్సిల్ అడక్కపోతే చాలు" అనే మాట కూడా పాతబడింది. 2024 ఏప్రిల్ 25కి ముందే పూర్తయిన పనులకు తప్ప, ఇంగ్లండ్‌లో ఆ గడువు ఇప్పుడు పదేళ్ళు.

రాయిసున్నం:
కిచెన్ గోడ గురించి కూడా అడిగారు కదా. లిస్టెడ్ కాని ఇంట్లో లోపలి గోడకు ప్లానింగ్ అక్కర్లేదు. కానీ పై అంతస్తు బరువు మోసే గోడైతే బిల్డింగ్ రెగ్యులేషన్స్ అప్రూవల్ (కట్టడం భద్రతను చూసే ఆమోదం) తప్పనిసరి. ఈ రెండూ వేర్వేరు, ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరు బీము లెక్క వేయాలి, బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ చూసేదాకా బీమును ప్లాస్టర్‌బోర్డుతో మూయకూడదు, చివర్లో కంప్లీషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ అక్కడే ఆపుతారు. బీము కొస పక్కింటితో ఉమ్మడి గోడలోకి వెళ్తే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం రెండు నెలల ముందు పక్కింటివాళ్ళకు నోటీసు ఇవ్వాలి.

పచ్చగడప:
నా మాట నేను వదులుకోను. లోపలికి బాగా జరిపి వేసే కంచెకు హక్కు ఉందనే అంటాను.

కొలతబద్ద:
ఉండొచ్చండీ. అందుకే ముందే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ (ఈ పనికి పర్మిషన్ అక్కర్లేదని కౌన్సిల్ రాసిచ్చే కాగితం) అడగమంటాను. పూర్తి దరఖాస్తు రుసుములో సగమే. గీసిన ప్లాను మీద రోడ్డు అంచు నుంచి దూరం, నేల నుంచి ఎత్తు, మధ్యలో ఏముందో సెంటీమీటర్లలో రాసి పంపండి. అది వస్తే మీ వాదన కాగితం మీద ఉంటుంది. రాకపోతే ఇంకా ఒక్క స్తంభం కూడా పాతలేదు. రోడ్డు వైపు బోర్డు లేని 91 సెంటీమీటర్ల కంచె వేసి, దాని వెనక పొద పెంచుకోవడానికైతే ఈ క్లాసు అడ్డు రాదు. జీవమున్న పొదకు ఈ మీటరు హద్దు లేదు, డెసిషన్ నోటీసులో దాని గురించి షరతు లేదని మాత్రం చూసుకోండి.