184 మందిని కాపాడాక కూడా ఆ బాధ దేనికి?

ప్రశ్న
1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో కూలిన యునైటెడ్ 232 విమానం గురించి రాత్రి చదివాను. 296 మందిలో 112 మంది పోయారు. అంతమంది బతకడమే గొప్పని అందరూ మెచ్చుకుంటే, కెప్టెన్ అల్ హేన్స్ మాత్రం తను బతికినందుకే కుమిలిపోయాడట. ఎందుకలా? ఇంకోటి, విమానాన్ని తిప్పే భాగాల్ని నూనె ఒత్తిడితో కదిపే హైడ్రాలిక్స్ మూడు సెట్లు ఉంటాయి కదా, మూడూ ఎలా పోయాయి?

జేసీబీ మెకానిక్, ఖమ్మం
రెండోదానికి నేను చెప్తా. విమానం ముట్టుకున్నది లేదు గానీ హైడ్రాలిక్ నూనెతోనే నా బతుకు. హోస్ పగిలితే లివర్ ఎంత లాగినా బకెట్ మాట వినదు. ఆ డీసీ-10 రకం విమానంలో సెట్లు మూడైనా, పైపులన్నీ తోక దగ్గరికి చేరతాయి. తోక ఇంజన్‌లో ఫ్యాన్ డిస్క్ పగిలి ముక్కలు అక్కడే దూసుకుపోయాయి. నూనె మొత్తం కారిపోయింది. ఇక మిగిలింది రెక్కల కింది రెండు ఇంజన్లు. ఎడమదానికి పవర్ పెంచితే కుడికి తిరుగుతుంది, అంతే స్టీరింగ్! ప్రయాణికుడిగా ఎక్కిన, పైలట్లకి శిక్షణ ఇచ్చే పైలట్ డెన్నిస్ ఫిచ్ వచ్చి ఆ పవర్ లివర్లు (థ్రాటిళ్లు) పట్టుకున్నాడు. 44 నిమిషాలు అలా లాక్కొచ్చారు. తర్వాత సిమ్యులేటర్‌లో వేరే పైలట్లు ప్రయత్నిస్తే సరిగ్గా దించడం కుదరలేదు. నూనె పూర్తిగా పోకుండా ఆపే ఫ్యూజు ఆ తర్వాతే పెట్టారు. ముందే పెట్టి ఉంటే!

డ్రైవర్ గారమ్మాయి
మొదటిదానికి నాకు తెలిసింది ఇది. మా నాన్న ప్రైవేటు బస్సు నడిపేవారు. మారేడుమిల్లి ఘాట్‌లో బ్రేకులు పట్టలేదు. కొండకి రాసుకుంటూ ఆపారు. ముప్పై మందికి పైగా దిగి దండం పెట్టారు. ముందు సీట్లో పెద్దాయన ఒక్కరే పోయారు. దండం పెట్టినవాళ్లలో ఒక్కరి మొహమూ నాన్నకి గుర్తులేదు. ఆ పెద్దాయన ఒళ్లో సంచి, అందులోంచి దొర్లిన బత్తాయిలు మాత్రం గుర్తే. పదకొండేళ్లయినా మా ఇంట్లోకి బత్తాయి రాదు. హేన్స్ ఊరూరా తిరిగి ఈ సంగతి చెప్పుకున్నాడు, 2019లో పోయేదాకా. నాన్న ఒక్కసారి చెప్పారు, అదీ అమ్మకి.

ప్రశ్న అడిగినవారు
క్షమించండి, తేలిగ్గా అడిగేశాను. మళ్లీ స్టీరింగ్ పట్టారా?

డ్రైవర్ గారమ్మాయి
అయ్యో, పర్లేదండి. పట్టారు. హేన్స్ కూడా మూడు నెలలకే మళ్లీ విమానం ఎక్కాడు కదా. నాన్న ఘాట్ రూటు వద్దన్నారు. ఇప్పుడు స్కూలు బస్సు. పొద్దున్నే కిందికి వంగి బ్రేకు పైపులు చేత్తో తడిమి చూసుకున్నాకే తాళం తిప్పుతారు.