అప్‌డేట్: ట్రాలీ హింజ్ మోడల్ రన్ అయింది, దొంగ దొరికాడు

పోయిన వారం అడిగింది నేనే: ట్రాక్టర్ టిప్పింగ్ ట్రాలీ కంప్యూటర్ మోడల్‌లో రెండు హింజ్‌లు, ఒక హైడ్రాలిక్ సిలిండర్ పెడితే సాల్వర్ (లెక్క కట్టే ప్రోగ్రామ్) ‘సింగ్యులర్ మ్యాట్రిక్స్’ అని, అంటే ఏదో భాగానికి పట్టు లేక లెక్క తేలట్లేదని, ఆగిపోతోందని. హింజ్‌లను అనుమానిస్తూ రెండు రాత్రులు పోగొట్టుకున్నా. తీరా చూస్తే దొంగ సిలిండర్! రెండు చివర్లలోనూ బాల్ జాయింట్ (ఎటైనా తిరిగే కీలు) ఇచ్చా, అందుకే అది తన అక్షం చుట్టూ తానే గిర్రున తిరిగే స్వేచ్ఛ మిగిలిపోయింది. ఒక చివర ఆ తిరుగుడు ఆపగానే రన్ పూర్తయింది.

ఇంకో తలనొప్పి: హింజ్ పిన్నుల మీద పక్కకు నెట్టే బలం నమ్మలేనంత వచ్చింది. రివల్యూట్ జాయింట్ (మోడల్లో హింజ్ అంటే ఇదే) ఆరు కదలికల్లో, అంటే మూడు జరుగుళ్ళు, మూడు తిరుగుళ్ళలో, ఐదింటిని ఆపుతుంది; తన అక్షం చుట్టూ తిరగడం ఒక్కటే వదులుతుంది. నేను ఒకే అక్షం మీద రెండు పెట్టా, దాంతో పక్కకు జరగడాన్ని రెండూ ఆపుతూ ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. అనంతపురంలో మా షెడ్డు మేస్త్రీ అన్న చెప్పిందే నిజం: "ఒక పక్క వాషర్ దగ్గర సందు ఇడవకుంటే పిన్ను పట్టేస్తది సార్." ఒక హింజ్‌ను సిలిండ్రికల్ జాయింట్‌గా (తిరగడంతో పాటు అక్షం వెంట జరగనిచ్చేది) మార్చా, ఆ బలం మాయం.

పిన్ను రంధ్రం అంచు దగ్గర స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) అంకెలు మాత్రం ఇంకా నమ్మట్లేదు. రిజిడ్ స్పైడర్ (మోడల్లో రంధ్రం అంచును జాయింట్ కేంద్రానికి కలిపే వంగని లింకుల గుంపు) ఆ రంధ్రాన్ని వంగని రింగులా మార్చేస్తుంది కదా. దాని బదులు పిన్నుకు కాంటాక్ట్ (పిన్ను, రంధ్రం నిజంగా తాకి నెట్టుకునేలా) ఇచ్చి ఆదివారం మళ్ళీ చూస్తా.