అద్దకం అంటే ముంచడమా, ఒత్తడమా?

పోయిన ఆదివారం అనంతపురంలో చేనేత ప్రదర్శనకు పోయినాం. లేపాక్షి లతామంటపం స్తంభాల మీద ఉండే డిజైన్లను ఒక చిత్రకారుడు గీస్తే, వాటికి చెక్క అచ్చులు చేయించి వేసిన నూలుచీర ఒకటి కనబడింది. చాలాసేపు దాని దగ్గరే నిలబడిపోయినా. పక్కన అట్ట మీద "హ్యాండ్ బ్లాక్ ప్రింట్" అని రాసి ఉంది. తెలుగులో ఏమంటారని మా పాప అడిగితే "అద్దకం" అన్నాను. పక్కనున్న పెద్దాయన "అద్దకమంటే రంగులో ముంచేది కదమ్మా, ఇది అచ్చు" అన్నారు. ఆయన మాట కాదనలేకపోయినా, ఒప్పుకోబుద్ధి కూడా కాలేదు.

అద్దు అనే క్రియను ఇంట్లో ఎన్ని చోట్ల వాడతామో చూడండి. సంగటి పులుసులో అద్దుకొని తింటాం. చెమటను కొంగుతో అద్దుకుంటాం. దెబ్బకు పసుపు అద్దుతాం. గుడిలో ఇచ్చిన పూవును కళ్లకు అద్దుకుంటాం. సిరా పీల్చేది అద్దుడు కాగితం. వీటిలో కొన్ని ముంచడాలు, కొన్ని తాకించడాలు. మెత్తగా తగలాలి, తగిలినచోట ఏదో ఒకటి అంటుకోవాలి, అంతే. గట్టిగా రుద్దితే అది అద్దడం కాదు. అమ్ము నుంచి అమ్మకం, వాడు నుంచి వాడకం వచ్చినట్టే అద్దు నుంచి అద్దకం.

ఇక కలంతోనో అచ్చులతోనో బట్ట మీద బొమ్మలు వేసే కలంకారీలో ఎరుపు ఎట్లా వస్తుందో తెలిస్తే ఈ మాట మీద ప్రేమ ఇంకా పెరుగుతుంది. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల తర్వాత వేసే గీత పక్కకు పాకదు. బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నీళ్లతో గీస్తే, కరక్కాయతో కలిసి నల్లగా తేలుతుంది. ఎరుపు రావలసినచోట మాత్రం పెట్టేది రంగు కాదు, పటిక నీళ్లు. అది కంటికి సరిగ్గా ఆనదు కూడా. తర్వాత బట్టను నీళ్లలో జాడించి, మంజిష్ఠ లేదా చిరివేరు అనే ఎర్రరంగు వేర్లు వేసి కాచిన నీళ్లలో ఉడికిస్తే, పటిక తగిలినచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. అంటే పనివాడు లేని ఎరుపును మనసులో చూసుకుంటూ పటిక అద్దుతాడు, ఆ తర్వాత బట్టంతా రంగునీళ్లలో అద్దుతాడు. పెద్దాయన చెప్పిన ముంచడం, నేను చెప్పిన ఒత్తడం, రెండూ ఒకే బట్ట మీద జరుగుతున్నాయి. రెండింటికీ మనకు ఒకే క్రియ ఉంది!

ఇది చదివినవాళ్లు రాసినవి, నా జవాబులు ఇవి.

కడప నుంచి ఒక అన్న: బాగుంది అక్కా. మరి నీలి సంగతేంది? మా జిల్లాలో ఒకప్పుడు నీలిమందు పంట పెద్ద ఎత్తున ఉండేది. దానికి పటిక అక్కర్లేదు కదా?

నా జవాబు: అక్కర్లేదన్నా. నీలి తొట్టిలో ముంచి తీసిన బట్ట మొదట ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలినాకే నీలమవుతుంది. నీలం వద్దనుకున్నచోట ముందే మైనం పెడతారు. అక్కడ నాకు "ముంచడం" అనే మాటే సరిగ్గా అనిపిస్తుంది.

ధర్మవరం నుంచి ఒక అక్క: మా వైపు పట్టుపోగుకు రంగు వేయడాన్నీ అద్దకమే అంటాం. ముందు సబ్బు, సోడా నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీస్తారు. దాంతోనే దాదాపు పావువంతు బరువు పోతుంది. ఆ తర్వాతే రంగు. బట్ట నేయకముందే అద్దకం అయిపోతుందన్నమాట.

ఇంకొకరు: మరి కలంకారీ మన మాటేనా?

నా జవాబు: కాదండి, కలం, కారీ రెండూ కలిసి పారశీకం నుంచి వచ్చినాయి. శ్రీకాళహస్తిలో చేత్తో గీసేదాన్ని వ్రాతపని అంటారు. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో చేసేది అద్దకం పని. రంగ్రేజు అన్న మాటా పారశీకమే, రంగు పోసేవాడని అర్థం. వాళ్లు పోస్తే మనం అద్దుతున్నాం. నాకు మన క్రియే ఎక్కువ నచ్చింది, దానిలో చెయ్యి కనబడుతుంది.

వచ్చే ఆదివారం దాకా ప్రదర్శన ఉంది. మళ్లీ పోయి, ఆ అట్ట మీద "చెక్క అచ్చుతో అద్దిన చీర" అని రాయమని అడుగుతాను.