బావ పంచాంగం, నా ఎక్సెల్: ఎవరిది నమ్మాలి?

ఎక్సెల్‌బాబు:
నిఫ్టీ ఆప్షన్స్ (షేర్ల సూచీ పెరుగుతుందా, పడుతుందా అని కట్టే పందెం లాంటి కాంట్రాక్టులు) గురించి ఇంట్లో రోజూ గొడవే, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా బావ రాహుకాలంలో ట్రేడ్ ముట్టడు, అమావాస్య రోజు అసలు యాప్ తెరవడు, మిగతా టైంలో మనసుకి తోస్తే కొనేస్తాడు. పోయిన నెల 10 ట్రేడ్లలో 7 లాభం. నేనేమో రెండేళ్ల డేటా దించుకుని, ఆర్‌ఎస్‌ఐ, మూవింగ్ యావరేజ్ లాంటి ధరల సూచికలు కలిపి బ్యాక్‌టెస్ట్ చేస్తే, అంటే ఆ రూల్‌ని పాత ధరల మీద వేసి చూస్తే, నూటికి 68 సార్లు గెలిచింది. తీరా అసలు డబ్బు పెట్టాక నెలన్నరలో 41 వేలు పోయాయి. ఇప్పుడు అత్తయ్య కూడా "వాడు చెప్పినట్టు వినరా" అంటోంది. నేనెక్కడ తప్పు చేశా?

పాతకాపు:
బాబూ, 10కి 7 అనేది బొమ్మా బొరుసూ వేసినా వస్తుంది. నాణెం 10 సార్లు ఎగరేస్తే 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం 17 శాతం. మీ బావలాంటివాళ్లు వంద మంది ఉంటే ఈ నెల ఓ 17 మంది పండితులే, మిగతావాళ్లు ఇంట్లో నోరెత్తరు కాబట్టి మనకి వినపడరు. అయినా ఆ 7 సార్లలో ఎంత తెచ్చాడు, 3 సార్లలో ఎంత పోగొట్టాడు, అది అడిగారా?

సరదాకి ఇంకో లెక్క వేశా. క్యాలెండర్లో వేసే రాహుకాలం సోమవారం 7:30 నుంచి 9, మార్కెట్ తెరిచేది 9:15కి, కాబట్టి ఆ రోజు గొడవే లేదు. మంగళవారం 3 దాటాక కాబట్టి అరగంట తగులుతుంది. బుధ, గురు, శుక్రవారాలు గంటన్నర చొప్పున. వారానికి 31 గంటల పావులో 5 గంటలు, అంటే 16 శాతం. అంతసేపు చేతులు కట్టుకుని కూర్చుంటే బ్రోకరేజీ, ఎస్‌టీటీ (ట్రేడ్ మీద పన్ను) మిగులుతాయి, రాహువు చేసిన మేలు అంతవరకే.

వనజ_వైజాగ్:
బావగారి సంగతి సరే, నాకు మీ 68 దగ్గరే అనుమానం. ఆ సెట్టింగ్ మొదటిసారే వచ్చిందా, మార్చి మార్చి చూశారా? ఒకే డేటా మీద నలభై రకాలు తిప్పితే ఏదో ఒకటి బాగా కనిపించక మానదు, అది వెనక పేజీలో జవాబు చూసి లెక్క చేయడం లాంటిదే. ఏడాదిన్నర డేటాతో రూల్ తయారుచేసి, మిగతా ఆర్నెల్లు ముట్టుకోకుండా దాచి, చివర్లో ఒక్కసారే దాని మీద వేసి చూడండి. అక్కడ కూడా నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం. ఖర్చులు కలిపారా, అనుకున్న ధరకీ దొరికిన ధరకీ తేడా తీసేశారా, అవి కూడా చెప్పండి.

కాల్స్_కొన్నవాడు:
నేను కూడా నాది నమ్మకం కాదు, డేటా అనుకున్నవాణ్ణే. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3 శాతం పైన పెరిగింది, అన్ని చానళ్లూ ఒకే మాట, ఇంకేం కావాలి ఆధారం అని కాల్స్ (సూచీ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్స్) పట్టుకుని పడుకున్నా. 4న కౌంటింగ్ మొదలయ్యాక దాదాపు 6 శాతం పడింది. స్టాప్‌లాస్ (ఇంత పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్) పెట్టలేదు, ఎందుకంటే తప్పవుతుందన్న ఆలోచనే రాలేదు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన లెక్క చదివారా? మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన కోటి మందికి పైగా జనంలో 93 శాతం నష్టపోయారు, ఖర్చులతో కలిపి సగటున తలా 2 లక్షల దాకా. ఖర్చులు పోను లక్ష పైన మిగిలింది 1 శాతానికే. అందులో పంచాంగం చూసేవాళ్లూ ఉంటారు, ఎక్సెల్ చూసేవాళ్లూ ఉంటారు కదా. నేనైతే ఆప్షన్స్ మానేసి, సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత) కట్టుకుంటున్నా.

ఎక్సెల్‌బాబు:
వనజ గారూ, నలభై కాదండీ, అరవై పైనే తిప్పా. ఖర్చులు అసలు వేయలేదు. రాత్రి వేసి చూస్తే బ్యాక్‌టెస్ట్ లాభంలో సగం పైన ఎగిరిపోయింది, ఆర్నెల్లు దాచి చూస్తే మిగిలింది కూడా లేదు. బావ ఆ 7 లాభాల్లో 9 వేలు తెచ్చి, 3 నష్టాల్లో 14 వేలు పోగొట్టాడట, ఈ సంగతి అత్తయ్యకి చెప్పొద్దన్నాడు. ఇక మీదట ట్రేడ్‌కి ముందే ఎందుకు కొంటున్నాం, ఎక్కడ తప్పుకుంటాం రాసి పెట్టుకుందాం అంటే ఒప్పుకున్నాడు. కాకపోతే ఆ నోట్‌బుక్ మంచి రోజు చూసి మొదలుపెడతాడట.