సమస్య: ‘వెలుగుఁ జూచి ముక్కు వెక్కి యేడ్చె’ (ఆటవెలది)

మొదటి పూరణ:

చీఁకటింటి నుండి చెంగున బయటికి
రాఁగ నెండ కంట రవ్వ రగిలి
తుమ్ము వెంటఁ దుమ్ము తోడుగా వచ్చెను
వెలుగుఁ జూచి ముక్కు వెక్కి యేడ్చె

నిర్వాహకుని సమీక్ష: గణయతులు సరిపోయాయి. చీకటిలోంచి ఎండలోకి రాగానే తుమ్మే గుణం నూటికి 18 నుంచి 35 మందిలో ఉంటుందని అంచనా, అది వంశపారంపర్యంగా కూడా వస్తుంది కనుక సమస్యను ఉన్నదున్నట్టుగా పూరించిన ఘనత మీదే. మూడవ పాదంలో సరళాదేశం (సంధిలో ‘త’ ‘ద’గా మారడం) వచ్చి తుమ్ము కాస్తా ‘దుమ్ము’ అయింది. వైద్యులు చెప్పేది దీనికి తలకిందులు.

రెండవ పూరణ:

తలుపు తీసినంత ధవళ కిరణమందు
దుప్పటి విదలింప దుమ్ము లేచెఁ
గనులఁ బడని పురుగు కారణమై యుండ
వెలుగుఁ జూచి ముక్కు వెక్కి యేడ్చె

సమీక్ష: నేరం పురుగుది, నింద వెలుగుది అన్న ఊహ బాగుంది. అయితే మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టును తింటూ పరుపుల్లో, దిండ్లలో బతికే ఆ దుమ్ము పురుగు (డస్ట్ మైట్), మిల్లీమీటరులో మూడవ వంతుకు మించనిది, కుట్టదు, కరవదు. దాని విసర్జనలోని ప్రోటీన్లే చాలామందికి పడవు. ‘పురుగు’ అన్నచోట ఆ సంగతి ధ్వనిస్తే పద్యం ఇంకా పదునెక్కేది.

మూడవ పూరణ:

గాలి రేపినట్టి గడ్డిపువ్వుల పొడి
తేలి తేలి వచ్చి తిష్ఠ వేయఁ
దోటకడ్డుగాను తుదిదాఁక నాటిన
వెలుగుఁ జూచి ముక్కు వెక్కి యేడ్చె

సమీక్ష: వెలుగుకు కంచె అనే అర్థం ఉందని గుర్తుంచుకున్నందుకు అభినందనలు. కంచె మీది రంగురంగుల పూలను దోషిగా నిలబెట్టకుండా గడ్డిని పట్టుకోవడం మరీ మెచ్చదగినది, ఎందుకంటే పురుగుల కాళ్లకు అంటుకొని వెళ్లే జిగురు పుప్పొడి కంటే, గాలిలో దూరాలు తేలిపోయే గడ్డి పుప్పొడే ముక్కులను ఎక్కువగా కారిస్తుంది. ‘అడ్డుగాను’ మాత్రం గణపూరణకు తెచ్చినట్టుంది.

ఒక సభ్యుని ప్రశ్న: ‘పడిశె మంటుకొన్న పది రోజులకు నైన’ వద్ద ఆగిపోయానండి. జలుబును వెలుగుతో ఎలా ముడిపెట్టాలి?

సమాధానం: పాదం నిర్దోషం, లెక్క కూడా సరే, వైరస్ వల్ల వచ్చే జలుబు చాలావరకు వారం, పది రోజుల్లో తగ్గుతుంది. దానికి వెలుగు కారణమనకండి. గొంతునొప్పి, ఒళ్లునొప్పులు తోడైతే జలుబనీ, కళ్లు, ముక్కు దురదపెడుతూ వారాల తరబడి సాగితే అలర్జీ అనీ అనుమానించవచ్చు. పది రోజులు దాటినా తగ్గని ముక్కు వెలుగును అనుమానించినట్టు రెండవ, మూడవ పాదాలు నడిపి చూడండి.