కొత్త ఔట్‌బోర్డు ఇంజనుకు ఛార్జింగ్ చాలకపోతే ముందు వారంటీ అడగాలా, మన వైరింగు చూసుకోవాలా?

కళింగపట్నం బోటు యజమాని:
వేట నిషేధం ముగియగానే మా ఫైబరు బోటుకు వెనుక అంచుకు తగిలించే, సెల్ఫ్ స్టార్టు ఉన్న 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను కొత్తది బిగించాము. ఇంజను చక్కగా లాగుతోంది గాని, వరుసగా కొన్ని రాత్రులు వేటకు వెళ్ళేసరికి బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగక, తాడు లాగి స్టార్టు చేసుకోవలసి వస్తోంది. అమ్మినవారి మెకానిక్ బ్యాటరీలోనే లోపమంటున్నాడు. బ్యాటరీ దుకాణంవారు లోడు పెట్టి చూసి తమ సరుకు బాగానే ఉందంటున్నారు. బోటులో ఎల్‌ఈడీ దీపాలు, చేపల జాడ చూపే ఫిష్ ఫైండరు, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉన్నాయి. కెరటాలకు తడవకుండా బ్యాటరీని వెనుక నుంచి మధ్య పెట్టెలోకి మార్చినప్పుడు, లావు వైరును అమ్మినవారి మనిషే అతికి పొడిగించాడు. ఛార్జింగ్ కాయిలు, రెక్టిఫైయరు వారంటీలో మార్చి తీరాలని పట్టుబట్టమంటారా, ముందు మేమే ఏమైనా చూసుకోవాలా?

చింతపల్లి మత్స్యకారుడు:
మీరు ఒక్క బోల్టు కూడా విప్పవద్దని నా సలహా. కొత్త వస్తువు సరిగా పనిచేయనప్పుడు కారణం వెతకవలసిన బాధ్యత అమ్మినవారిది. మూత తీసి మీటరు పెట్టారని తెలిస్తే బయటి చేయి పడిందన్న సాకుతో తప్పుకుంటారు. ఫిర్యాదును కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకోండి. అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. దానికి రెండేళ్ళ గడువు ఉంటుంది.

శ్రీకాకుళం ఆటో ఎలక్ట్రీషియన్:
కాగితం రాసి ఇమ్మన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ ఆ కాగితంలో "ఛార్జింగ్ లేదు" అని రాస్తే వారు ఇంజను స్టార్టు చేసి, మీటరులో ముల్లు కదలగానే "ఉంది కదా" అని వెళ్ళిపోతారు. అంకెలు రాస్తే అలా తప్పించుకోలేరు. మీటరుతో వోల్టులు చూడడానికి ఏ సీలూ విప్పనక్కరలేదు.

ముందు లెక్క చూడండి. ఈ తరగతి ఇంజనులో ఫ్లైవీలు (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం) లోని అయస్కాంతాలు కాయిలు చుట్టూ తిరిగితే ఏసీ కరెంటు పుడుతుంది. రెక్టిఫైయరు-రెగ్యులేటరు దానిని డీసీగా మార్చి, హద్దులో ఉంచి బ్యాటరీకి పంపుతుంది. పుస్తకంలో 15 ఆంపియర్లని రాసి ఉంటే అది నిండు వేగంలో వచ్చే మాట. వల తీసేటప్పుడు ఇంజను ఐడిలింగులో, అంటే గేరు లేకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉంటే అందులో కొద్ది భాగమే వస్తుంది. మీ దీపాలకు నాలుగు, ఫిష్ ఫైండరుకు ఒకటి, సెట్టు వింటూ ఉండడానికి అర ఆంపియరు అనుకుంటే మొత్తం అయిదున్నర. వల వేసి ఇంజను ఆపి ఆరు గంటలు ఉంటే ముప్పై మూడు ఆంపియర్ అవర్లు ఖర్చయిపోతాయి. తిరిగి ఒడ్డుకు వచ్చే గంటసేపటిలో, దీపాలు వెలుగుతూ ఉండగా, బ్యాటరీలోకి అయిదారు కంటె ఎక్కువ చేరవు. ఇంజనులో ఏ లోపం లేకపోయినా ఇలా నడిపితే బ్యాటరీ దిగక తప్పదు.

అయినా ఇంజనులో లోపం లేదని నేను అనడం లేదు. బ్యాటరీని దుకాణంలో నిండుగా ఛార్జి చేయించి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలవండి; 12.6 వోల్టులకు తగ్గకూడదు. దిగిపోయిన బ్యాటరీ మీద పరీక్ష చేస్తే, ఇంజను మంచిదైనా వోల్టేజీ పైకి లేవక మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ తరువాత వంశధార మొగలో నీరు నిలకడగా ఉన్న చోట సుమారు 3,000 ఆర్‌పీఎం వద్ద బ్యాటరీ కొనల మీద చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. లేకపోతే మూత తీసి రెక్టిఫైయరు నుంచి వచ్చే ఎర్ర వైరు వద్ద చూడండి. అక్కడ 14 దాటి ఉండి బ్యాటరీ వద్ద లేకపోతే కాయిలు, రెక్టిఫైయరు రెండూ నిర్దోషులు, మధ్య దారిలోనే తగ్గుతోంది. ఒడ్డు మీద నీళ్ళు లేకుండా మాత్రం ఇంజను నడపవద్దు, పంపులోని రబ్బరు ఇంపెల్లరు కాలిపోతుంది.

పూసపాటిరేగ ఇంజను మెకానిక్:
ఇంత తతంగం దేనికి? ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఒకటి తీసి చూడండి. ఇంజను ఆగకుండా దీపాలు వెలుగుతుంటే ఛార్జింగ్ ఉన్నట్టు. పాత ట్రాక్టర్ల దగ్గర మేము చేసేది అదే. నన్నడిగితే పొడిగించిన ఆ అతుకే దొంగ.

శ్రీకాకుళం ఆటో ఎలక్ట్రీషియన్:
దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. బ్యాటరీ ఆసరా తొలగిన క్షణంలో వోల్టేజీ ఎగదన్ని రెగ్యులేటరు కాలిపోవచ్చు. కాలితే ఆ నేరం యజమానిదే అవుతుంది, వారంటీ మాటే ఉండదు. నడుస్తుండగా బ్యాటరీ స్విచ్చి ఆపినా ఇదే ప్రమాదం.

అతుకు విషయంలో కూడా ఒక ప్రశ్న ఉంది. సెల్ఫ్ మోటారుకు పోయేది ఆ లావు వైరే. పది ఆంపియర్ల ఛార్జింగును అడ్డుకునేంతగా అతుకు చెడితే, దాదాపు వంద ఆంపియర్లు లాగే సెల్ఫ్ నిండు బ్యాటరీ మీద కూడా తిరగదు. వీరికి ఛార్జి చేయించిన రోజున తిరుగుతోంది కదా. కాబట్టి రెక్టిఫైయరు నుంచి సెల్ఫ్ రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) వరకు వచ్చే సన్న దారిని, అందులోని ఫ్యూజును చూడండి.

కళింగపట్నం బోటు యజమాని:
మీరన్నట్టే కొలిచాము. నిండు ఛార్జితో 12.7 ఉంది. 3,000 ఆర్‌పీఎం వద్ద బ్యాటరీ మీద 12.9, రెక్టిఫైయరు వద్ద 14.3. ఫ్యూజుకు రెక్టిఫైయరు వైపు 14.2, బ్యాటరీ వైపు 13.0. ఫ్యూజు పోలేదు గాని దాని ఒక కాలు గోధుమ రంగుకు తిరిగి, అది కూర్చునే గూడు అంచున ప్లాస్టిక్ మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. వేలితో తాకితే ఫ్యూజు వదులుగా ఊగుతోంది. ఫోటోలు తీసుకుని దేనినీ కదపకుండా మూత పెట్టేశాము.

చింతపల్లి మత్స్యకారుడు:
కంపెనీ బిగించిన ఫ్యూజు గూడే వదులైతే నేను మొదట చెప్పిన మాటే నిలిచింది, ఇది పూర్తిగా వారంటీ పని. వైరింగు మొత్తం మార్పించుకోండి.

శ్రీకాకుళం ఆటో ఎలక్ట్రీషియన్:
ఆ గూడు, దానితో వచ్చే వైరు వరకు వారంటీలో అడగండి, ఈ అంకెలు చూపితే కాదనడం కష్టం. కాయిలు, రెక్టిఫైయరు మార్చమని మాత్రం అడగవద్దు, 14.3 ఇస్తున్న వాటిని మార్చినా వేడెక్కేది ఆ గూడే. అతుకును కూడా తీసేసి, పుస్తకంలో చెప్పిన మందం గల ఒకే వైరు వేయించండి. అది ఈనాటి రోగానికి కారణం కాకపోయినా ఉప్పుగాలికి రేపు చిలుము పట్టేది అదే.

గూడు మార్చినంత మాత్రాన రాత్రి ఖర్చు తగ్గదు. దీపాలకు, ఫిష్ ఫైండరుకు వేరే బ్యాటరీ పెట్టి, దానిని ఒడ్డున ఛార్జి చేయించుకుంటూ, ఇంజను బ్యాటరీని సెల్ఫ్‌కే వదిలేయండి. వచ్చే వేట నిషేధంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోటు ఒడ్డున ఉన్నప్పుడు రెండింటి వైర్లూ విప్పి, నెలకొకసారి ఛార్జి పెట్టించాలి.

పూసపాటిరేగ ఇంజను మెకానిక్:
రెండో బ్యాటరీకి నేను ఒప్పుకోను. కెరటాలు దాటేటప్పుడు ఆ బరువు దొర్లితే మనుషుల కాళ్ళ మీద పడుతుంది, రోజూ ఇసుకలో మోసుకుపోవడం కూడా కష్టమే. నాలుగు ఆంపియర్ల దీపాలను రెండుకు దించితే సగం సమస్య తీరుతుంది.

కళింగపట్నం బోటు యజమాని:
దీపాలు తగ్గిస్తే రాత్రివేళ పెద్ద బోట్లకు మేము కనబడమని మా కళాసీలు ఒప్పుకోవడం లేదు. బ్యాటరీని దొర్లకుండా బిగించే పెట్టె ఎలాంటిది పెట్టాలో, అలవాటున్నవారు ఎవరైనా కొలతలతో చెప్పగలరా?