‘సెట్’కి అర్థాలు ఎక్కువా, ‘రన్’కా?

పదాలపిచ్చి: ఇంగ్లిష్‌లో ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’ అని చిన్నప్పుడు క్విజ్ పుస్తకాల్లో బట్టీ పట్టాం. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో దాని క్రియకే దాదాపు 430 అర్థాలున్నాయి. 2011లో వాళ్లే ‘రన్’ క్రియను తిరగరాస్తే 645 తేలాయి. మరి సెట్ ఓడినట్టేనా?

కోఠిబాబు: అందులో డౌటేముంది? బస్సు రన్, షాపు రన్, ఎన్నికల్లో రన్, స్కోరుబోర్డు మీద రన్. ఎక్కడ చూసినా రన్నే!

లెక్కలమాస్టారు: బాబూ, స్కోరుబోర్డు మీది రన్ నామవాచకం, ఆ 645లోకి రాదు. పైగా ఒకటి పాత లెక్క, ఒకటి కొత్త లెక్క. పోటీ ఎలా పెడతారు? అసలు అర్థాన్ని ఎక్కడ కోయాలన్నది నిఘంటువు రాసేవాళ్ల చేతిలో ఉంటుంది. బస్సు నడిచినా షాపు నడిచినా మనకు ఒక్క నడవడమే. ఇంగ్లిష్‌లో అవీ రన్నే అయినా, మనకు ముక్కు మాత్రం కారుతుంది, కాలవ పారుతుంది.

సైటుఇంజినీర్: నా ఓటు సెట్‌కే. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు నీళ్లు కలిపిన 30 నిమిషాల్లోపు సెట్ కావడం మొదలవకూడదు, 600 నిమిషాల్లోపు పూర్తవ్వాలి. అసలు బలం ఆ తర్వాత రోజుల తరబడి వస్తుంది. అందుకే ‘గట్టిపడింది’ అంటే మాకు సరిపోదు. మా మేస్త్రి కూడా ‘సెట్టవలేదు సార్, అడుగు పెట్టకండి’ అంటాడు. కూతురికి సంబంధం కుదిరినా సెట్టయిందనే చెప్పాడు!

పదాలపిచ్చి: ఇంకో చిక్కుంది. సిమెంటు సెట్ అవడంలోని మాట ‘కూర్చోబెట్టు’ అనే పాత ఇంగ్లిష్ క్రియ నుంచి వచ్చింది. గిన్నెల సెట్ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. రెండిటినీ ఒకే ఖాతాలో వేయొచ్చా?

లెక్కలమాస్టారు: ఆ 430 క్రియవే కాబట్టి అంకె మారదు. కానీ మన ‘పట్టు’ చూడండి. నిద్ర పట్టింది, బూజు పట్టింది, ఊరు చేరడానికి రెండు గంటలు పట్టింది. ఇవన్నీ ఒక వేరు కొమ్మలు. పట్టుచీరలోది సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చింది. చీరని కూడా అందులో కలిపి లెక్కేస్తే నేనొప్పుకోను.

కోఠిబాబు: సరే మాస్టారూ, స్కోరుబోర్డు వెనక్కి తీసుకున్నా. మరి మన ‘నాకు సెట్ కాదు’ ఏ ఖాతా? మొన్న ఫారిన్ క్లయింట్‌తో ‘దిస్ టైమ్ ఈజ్ నాట్ సెట్టింగ్ ఫర్ మీ’ అన్నాను. నా క్యాలెండర్‌లో సెట్ అవలేదనుకున్నాడేమో, అదే టైమ్‌కి మీటింగ్ మళ్లీ పంపాడు.